ఇది ఐదు కాదురా

తంబురా మోగించే యాప్ రాయడం పెద్ద విద్యేం కాదు. తీగలు నాలుగు: మంద్ర పంచమం, షడ్జం, మళ్లీ షడ్జం, ఆఖర్న మంద్ర షడ్జం. పాడేవాళ్లు తమ శ్రుతి ఎంచుకుని మీట నొక్కితే ఆపేదాకా మోగుతూ ఉండాలి, అంతే. కొత్తగా కనిపెట్టాల్సిందీ ఏమీ లేదు. బెంగళూరు జి. రాజ్ నారాయణ్ అని, వేణువు వాయించే ఇంజనీరు ఒకాయన 1970ల్లోనే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తయారుచేశారు. ఆయన పెట్టిన ర్యాడెల్ కంపెనీ పెట్టెలు ఇప్పటికీ ఎన్నో సంగీతం క్లాసుల్లో ఓ మూలన మోగుతూనే ఉన్నాయి. ఫోన్లు వచ్చాక ఇలాంటి యాప్‌లకైతే లెక్కే లేదు. ఇవన్నీ తెలిసే నేను ఇంకోటి రాశాను. పగలు గచ్చిబౌలిలో ఉద్యోగం, రాత్రి పది దాటాక తంబురా.

అందుకు నా దగ్గర ఒక సాకుంది. చాలా యాప్‌లు రికార్డు చేసిన శబ్దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తాయి. చెవి పెట్టి వింటే అతుకు ఎక్కడుందో దొరికిపోతుంది. శ్రుతి మార్చినప్పుడు ఆ రికార్డింగునే సాగదీస్తారు కాబట్టి తంబురా గొంతు కూడా మారిపోతుంది. నేను రికార్డింగు జోలికే పోకుండా తీగను లెక్కలతో కట్టాలనుకున్నాను. దీనికి 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఒకటుంది. ఓ సాయంత్రం కూర్చుంటే రాసేయగలిగినంత చిన్నది. కొన్ని గళ్ల వరస తీసుకుని వాటిని అర్థంపర్థం లేని అంకెలతో నింపాలి. ఒక్కో గడిలోని అంకెను స్పీకరుకు పంపుతూ, దాన్నీ పక్క గడినీ కలిపి సగటు తీసి మళ్లీ వరస చివర చేరుస్తూ పోవాలి. చెబితే నమ్మబుద్ధి కాదు గానీ, ఆ గోల కాస్తా రెప్పపాటులో మీటిన తీగ అయిపోతుంది. గళ్లు పెంచితే స్వరం దిగుతుంది, తగ్గిస్తే ఎక్కుతుంది. ఈ గళ్లను గుర్తుపెట్టుకోండి, వీటితో మళ్లీ పనుంది.

తీగ వచ్చింది గానీ తంబురా రాలేదు. ఆ గుంయ్‌మనే నాదమంతా తీగలను మోసే గుర్రం దగ్గర పుడుతుంది. గుర్రం పైభాగం వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. దానికీ తీగకూ నడుమ ఒక నూలుపోగు దూరుస్తారు, దాన్నే జీవా అంటారు. ఆ పోగును వెంట్రుకవాసి జరిపితే చాలు, అప్పటిదాకా మొద్దుగా ఉన్న తీగ నోరు విప్పుతుంది. 1921లోనే సి.వి. రామన్ దీనిమీద పరిశోధన పత్రం రాశారు. మామూలు తీగను ఒకచోట మీటితే, సరిగ్గా ఆ చోట కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు వినిపించకూడదు. అది యంగ్-హెల్మ్‌హోల్ట్జ్ నియమం. మన వీణలో, తంబురాలో అవి నిక్షేపంగా వినిపిస్తాయని రామన్ చూపించారు. ఆ వంపు మీద తీగ తగులుతూ లేస్తూ ఉండటం వల్లే అదంతా. ఇది చదివాక నాకిక నిద్ర పట్టలేదు. ఆ వంపును కోడులో కట్టి తీరాలి!

నెలలకు నెలలు అక్కడే పోయాయి. మంద్ర షడ్జం మోగుతుంటే అందులోంచి ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పైకి తేలుతుంది. స్వయంభూ గాంధారం అంటారు సంగీతం తెలిసినవాళ్లు. లెక్కప్రకారం అది ఐదో అనుస్వరం, హార్మోనియం గాంధారం కన్నా 14 సెంట్లు కిందుంటుంది. సెంటంటే అర్ధస్వరంలో నూరో వంతు. నా కోడులోంచి ఆ గాంధారం మొదటిసారి వినిపించిన రాత్రి పట్టలేక మా ఆవిడను నిద్రలేపాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకునే వింది. "బావుందండీ. ఫ్రిజ్‌లో పాలు పెట్టారా?" అంది.

పెట్టలేదు.

ఆ పని వృథా అని ఇప్పటికీ అనను. ఆ నాదం బాగుంటుంది, విన్నవాళ్లు అంటారు కూడా. కాకపోతే అవసరమని కాదు, చేస్తుంటే హాయిగా ఉందని చేశాను. ఏం అవసరమో చెప్పగలిగిన మనిషి ఫోన్ చేస్తే పలికేంత దగ్గర్లో ఉంది. ఆవిడ మా అక్క.

అక్క రాజమండ్రిలో ఇంట్లోనే సంగీతం చెబుతుంది. పొద్దున్నే అమెరికా పిల్లలకు వీడియోలో, సాయంత్రం మా వీధి పిల్లలకు చాప మీద కూర్చోబెట్టి. వీడియో క్లాసులో ఒక చిక్కుంది. ఆ కాల్ సాఫ్ట్‌వేర్లు ఒకే తీరున ఆగకుండా వచ్చే శబ్దాన్ని ఫ్యాను రొద కింద జమకట్టి తీసిపారేస్తాయి. అక్క దగ్గర మోగే తంబురా టెక్సస్ పిల్లకు వినపడదు, వినపడినా తెగి తెగి వినపడుతుంది. అంచేత ఎవరి దగ్గర వాళ్లు తంబురా వేసుకోవాలి, రెండూ అచ్చంగా ఒకే శ్రుతిలో ఉండాలి. యాప్ రాస్తున్నానని చెప్పినప్పుడు అక్క మూడే అడిగింది. స్క్రీన్ ఆరిపోయినా మోగుతుండాలి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసినా, పెట్టేశాక దానంతటదే మళ్లీ అందుకోవాలి. కళ్లజోడు లేకుండా అక్షరాలు కనపడాలి.

"అంతేనా?" అన్నాను. రామన్ పత్రం చదివినవాణ్ని కదా, కొంచెం చప్పగా అనిపించింది. "అవి చివర్లో చూద్దాంలే అక్కా" అన్నాను.

చివర్లో చూసేవి కావని ఆండ్రాయిడ్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు. బ్యాటరీ ఆదా చేస్తామంటూ వెనకాల నడిచే యాప్‌లను ఒక్కో కంపెనీ ఫోను ఒక్కో రకంగా పీక నొక్కుతుంది. ఒక ఫోనులో నిక్షేపంగా మోగేది ఇంకోదాంట్లో అయిదు నిమిషాలకు ఆగిపోతుంది. ఇందులో భౌతికశాస్త్రమూ లేదు, గాంధారమూ లేదు. విసుగు పుట్టించే చాకిరీ అది. నేను దాన్ని వెనక్కి నెడుతూనే వచ్చాను.

వెనక్కి నెట్టినవి అవొక్కటే కాదు. ఇంట్లో ఏ మాటొచ్చినా "లాంచ్ అయిపోనీ" అనేవాణ్ని. గీజరు బాగుచేయించడం, మా అమ్మాయికి సైకిలు నేర్పడం, చెల్లెలి వాళ్ల గృహప్రవేశానికి ఇవ్వాల్సిన బట్టలు, పన్ను పీకించుకోవడం, అన్నీ లాంచ్ అయ్యాకే. కొన్నాళ్లకు ఆ మాట మా అమ్మాయి నోటికి అతుక్కుంది. హోంవర్క్ చేశావా అని వాళ్లమ్మ అడిగితే "లాంచ్ అయ్యాక" అనేది. అందరం నవ్వుకునేవాళ్లం. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి, తేదీల మనిషి. మొదట్లో "ఏ తేదీకి?" అని అడిగేది. నేను చెప్పిన తేదీలు ఒకటొకటే దాటిపోతుంటే అడగడం మానేసింది.

ఓ శనివారం అరకుకు టికెట్లు తీసింది. రెండే తీసింది, తనకూ అమ్మాయికీ. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, నన్ను సాధిద్దామని కూడా కాదు. ఇంట్లో ఊరికి వెళ్లగలిగినవాళ్లు ఎందరో లెక్కేసి తీసిందంతే. ఇక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అప్పుడు నాకు బాధ కలగలేదు. రెండు రోజులు కదిలించేవాళ్లుండరు, శబ్దాన్ని పోగుచేసి పంపే బఫర్ సంగతి తేల్చేయొచ్చు అని ప్రాణం లేచొచ్చింది. ఆ ఆదివారమంతా ఇంట్లో తంబురా మోగుతూనే ఉంది. మ్యాగీ చేసుకుని తిన్నాను.

ఆ వేసవిలోనే నాన్నకు శుక్లం ఆపరేషన్ అయింది. సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లాను, లాప్‌టాప్‌తో సహా. కంట్లో చుక్కలు రెండు రకాలు. రెండు గంటలకోసారి వేయాలి, ఒకటి వేశాక అయిదు నిమిషాలు ఆగి రెండోది. అమ్మకు చెయ్యి వణుకుతుంది, అక్కకు క్లాసులు, కాబట్టి ఆ పని నాది. అక్క ఓ కాగితం మీద గళ్లు గీసి టైములు రాసి, వేసినప్పుడల్లా టిక్కు పెట్టమని మంచం పక్కన అతికించింది. నేను ఫోనులో అలారం పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఆ ఫోనులోనే యాప్ పరీక్షిస్తుంటే అలారం మోగి తంబురాను ఆపేసింది. పరీక్ష చెడిపోతోందని అలారాలన్నీ తీసేశాను. ఆ తర్వాత గంటలు గడిచినట్టే తెలియలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నాన్న పక్కగదిలోనే పడుకున్నారు. వాడు పనిలో ఉన్నాడు, పిలవడమెందుకని ఊరుకున్నారట. సాయంత్రం అక్క వచ్చి కాగితం చూసింది. మధ్యాహ్నం నుంచి గళ్లన్నీ ఖాళీ. ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని చుక్కలు వేసి, టిక్కు పెట్టి, ఆ రోజు నుంచి ఆ పని తనే పెట్టుకుంది. కన్ను బాగానే ఉంది, ఏ నష్టమూ జరగలేదు. నష్టం జరగలేదు కాబట్టి అప్పట్లో నేను దాన్ని తప్పుల్లో లెక్కే వేయలేదు.

స్టోరులో పెట్టేముందు ఒక గడప దాటాలి. 2023 నవంబరు 13 తర్వాత సొంత పేరు మీద ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను అందరికీ విడుదల చేయాలంటే, ముందు 20 మంది చేత 14 రోజులు వరసగా పరీక్ష చేయించాలని ప్లే స్టోర్ నిబంధన పెట్టింది. నా ఖాతా 2024లో తెరిచాను. 20 మందిని ఎక్కణ్నుంచి తేవాలి? ఆఫీసులో చాయ్ దగ్గర కనపడినవాడినల్లా పట్టుకున్నాను. పాపం అందరూ ఎక్కించుకున్నారు. సగం మంది తెరవలేదు. తెరిచినవాళ్లు "సూపర్ బాస్" అన్నారు. వాళ్లలో ఒక్కరికీ షడ్జానికీ పంచమానికీ తేడా తెలియదు. అక్క దగ్గర పాడే పిల్లలు అంతకు రెండింతలున్నారు. వాళ్లను అడగాలని తోచలేదనను, తోచింది. కానీ వాళ్లనడిగితే స్క్రీన్ సంగతి, అక్షరాల సంగతి తెస్తారని తెలుసు. వాళ్ల నోరు తప్పించుకుని, గట్టి పరీక్ష జరగాలని పెట్టిన నిబంధనను సంతకాల సేకరణ కింద మార్చేశాను. అన్నట్టు, ఆ డిసెంబరులోనే ఆ సంఖ్యను 12కి తగ్గించారు.

చదువులకు మంచి రోజని విజయదశమికి ముహూర్తం పెట్టుకున్నాను, 2024 అక్టోబరు 12. పండక్కి విజయవాడలో అత్తగారింట్లో ఉన్నాం. అందరూ ఉత్సవం చూడ్డానికి కృష్ణ ఒడ్డుకు వెళ్లారు, నేను వైఫై ఉన్న గదిలో ఉండిపోయాను. కొత్త విడుదలలను ముందు కొద్ది శాతం మందికి పంపి, అంతా బాగుంటే పెంచుకుంటూ పోయే సదుపాయం ఉంటుంది. మొదటి విడుదలకు అది కుదరదు, సరే. ఆ రాత్రే ఏదో చిన్న లోపం కనపడితే సవరణ చేసి, దాన్నీ నూటికి నూరు మందికీ ఒకేసారి వదిలాను. ఓపిక లేదు. పొద్దున్నే మా మామగారు "అయిపోయిందా బాబూ నీ పని?" అని అడిగితే "అయిపోయిందండీ" అన్నాను. సాఫ్ట్‌వేర్‌లో పుట్టి పెరిగినవాణ్ని, ఆ మాట ఎలా అన్నానో. విడుదల చేశాక పని మొదలవుతుంది. నాది మధ్యాహ్నం భోజనాలకే మొదలైంది. స్క్రీన్ ఆరగానే ఆగిపోతోందని వరసగా ఫిర్యాదులు. పులిహోర విస్తరి ముందు కూర్చుని ఎడం చేత్తో జవాబులు టైపు చేశాను.

తర్వాతి వారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇది ఐదు కాదురా."

"ఏది?"

"నీ తంబురా. ఐదు పెట్టాను. మోగేది ఐదు కాదు."

"స్క్రీన్ మీద ఐదని ఉందా లేదా?"

"ఉందిరా. కానీ కాదు. కింద పంచమానికి గొంతు ఆనట్లేదు. పైనేమో ఊరికే వచ్చేస్తోంది."

పావడాలు కట్టుకున్న వయసు నుంచి అక్క ఐదు శ్రుతిలో పాడుతోంది. ఆ మాట అనేది అలాంటి మనిషి. ఐదు శ్రుతి అంటే పాశ్చాత్యుల లెక్కలో జి, కింది స్థాయిలో 196 హెర్ట్‌జ్. నేను నా ఫోనులో యాప్ పెట్టి, పక్కన ట్యూనర్ పెట్టి చూశాను. 196 అని చూపించింది. దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "వయసుతో పాటు గొంతు కూడా మారుతుందిట గదక్కా" అన్నాను. అటునుంచి కాసేపు మాట రాలేదు. "సరేలే, క్లాసుకు టైమయింది" అని పెట్టేసింది.

కొన్నాళ్లకు అమెరికా నుంచి ఒక తల్లి మెయిలు రాసింది. వాళ్లమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. యాప్ ఫోనులో మోగితే తీగలు కలుస్తున్నాయి, బ్లూటూత్ స్పీకరుకు కలిపితే వయొలిన్ తీగలన్నీ వదులు చేయాల్సి వస్తోంది, ఎందుకని? చదువుతుంటే కాళ్ల కింద నేల కదిలినట్టయింది. అక్క చాప చివర ఎప్పుడూ ఓ బ్లూటూత్ స్పీకరుంటుంది. నా దగ్గర లేదు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం కొట్టడానికి పనికిరాదు, అందుకని నాకు దాని మీద చిన్నచూపు. తంబురాకు ఆలస్యమైతే ఏం? ఎప్పుడు మొదలైనా మోగుతూనే ఉంటుంది. అయినా ఫోన్ స్పీకరుతో, వైరు హెడ్‌ఫోన్స్‌తో తప్ప దేనితోనూ పరీక్షించలేదు. పక్క ఫ్లాటు కుర్రాడి దగ్గర స్పీకరు అడిగి తెచ్చాను. కలిపి, ఐదు పెట్టి, ట్యూనర్ ఎదురుగా ఉంచాను. 180.

నాలుగు శ్రుతి 174.6, నాలుగున్నర 185. నా ఐదు ఆ రెండిటికీ సరిగ్గా నడుమ వేలాడుతోంది.

ఇందాకటి గళ్ల సంగతి ఇక్కడికొస్తుంది. ఫోను శబ్దాన్ని సెకనుకు 48,000 ముక్కలుగా వినిపిస్తుంది. 196 హెర్ట్‌జ్ తీగ కావాలంటే 48,000ను 196తో భాగిస్తే సుమారు 245 గళ్లు. యాప్ మొదలైనప్పుడు ఒకసారి ఈ లెక్క కట్టి వరస సిద్ధం చేసుకుంటుంది. బ్లూటూత్ స్పీకరు కలపగానే కొన్ని ఫోన్లు ఆ పాత దారిని మూసేసి సెకనుకు 44,100 ముక్కల దారి తెరుస్తాయి. ఆ లెక్కన 225 గళ్లుండాలి. నా 245 గళ్లు అలాగే ఉండిపోయాయి. ఒక చుట్టు తిరగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి స్వరం 147 సెంట్లు జారుతుంది, అంటే ఒకటిన్నర అర్ధస్వరం. ఏ దారి తెరుచుకుందో ప్రతిసారీ అడిగి తెలుసుకోవాల్సిన చోట నేను 48000 అని అంకె వేసి వదిలేశాను. మొదటి వారంలో, తర్వాత మారుద్దాంలే అని రాసుకున్న అంకె.

ఈ బగ్గు ఇన్నాళ్లూ దొరక్కపోవడానికి కారణం ఉంది. నాలుగు తీగలూ కలిసే దిగుతాయి కాబట్టి తంబురా తనలో తాను శుద్ధంగానే ఉంటుంది. నేను ముద్దుచేసుకున్న స్వయంభూ గాంధారం కూడా చక్కగా తేలుతూనే ఉంటుంది. తేడా పట్టుకోగలిగేది ఇద్దరే, పక్కన ఇంకో వాద్యం పెట్టుకున్నవాళ్లు, తమ గొంతు తమకు తెలిసినవాళ్లు. రెండో రకం మనిషి ఫోన్ చేసి మరీ చెబితే ట్యూనర్ ఫోటో పంపించాను.

సవరణ ఒక్క వరస. ఈసారి ముందు అయిదు శాతం మందికే వదిలాను. తర్వాత అక్కకు ఫోన్ చేసి, నీ మాటే నిజం, తప్పు నాదే అని మొత్తం చెప్పాను. 48,000, 44,100, గళ్లు, అన్నీ వివరించాను. వినింది. "అయితే గొంతు బాగానే ఉందంటావు" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ ఫోన్ తర్వాత అక్క పాత శ్రుతిపెట్టె బయటికి తీయలేదు. నేను ఫోటో పంపాను కదా, యంత్రం చెప్పింది కదా, మారింది తన గొంతేనేమో అనుకుంది. క్లాసులకు సెలవు ఇచ్చి వేడినీళ్లు తాగుతూ కూర్చుంది. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుంది కూడా. గొంతులో ఏమీ లేదని ఆయనంటే, మరి పంచమం ఎందుకు ఆనట్లేదని దిగులు పెట్టుకుంది. ఇవన్నీ అమ్మ చెప్పింది, అక్క చెప్పలేదు. పాట మీద బతికే మనిషికి నీ గొంతు చెడిందని చెప్పడం ఎంత మాటో, వంపు గుర్రం మీద నెలలు పోసినవాడికి తట్టలేదు. డాక్టరు ఫీజు ఇస్తానంటే "ఫీజు నీ యాప్‌లో వేసుకో, ముందు ఆ అక్షరాలు పెద్దవి చెయ్యి" అని కసిరింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ చేసింది శుద్ధ తెలివితక్కువ పని. ముందు ఊరికే ఇచ్చి, జనం అలవాటు పడ్డాక ధర పెడదామనుకున్నాను. ఒకసారి ఉచితంగా పెట్టిన యాప్‌కు తర్వాత ధర పెట్టడం ప్లే స్టోర్‌లో కుదరదు. నిబంధనల్లో తెల్లకాగితం మీద రాసుంది, నేను చదవలేదు. లోపల కొన్ని సదుపాయాలకు మాత్రం డబ్బు తీసుకోవచ్చు. సరేనని శ్రుతిని సెంట్ల లెక్కన సవరించుకునే మీటకు తాళం వేశాను. నిన్నటిదాకా ఊరికే వాడుకున్నదానికి ఇవాళ డబ్బడిగితే ఊరుకుంటారా? ఒక్క నక్షత్రం సమీక్షలు కుప్పలుగా పడ్డాయి, అవి న్యాయమైనవే. నెలవారీ చందా ఇంకా ఘోరం. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి చందా కోతకు 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు వెళ్లాలి. మంచి నిబంధన, నేనూ ఖాతాదారునే. కానీ నా వినియోగదారులకు నేనున్నానని నెలకోసారి గుర్తుచేసి మరీ వాళ్లను పోగొట్టుకున్నట్టయింది. ఇప్పుడు లోపలి కొన్ని సదుపాయాలకు ఒకేసారి కట్టే చిన్న ధర పెట్టాను, తాళం వేసిన మీటను తెరిచేశాను. అమ్మకాలు ఏడాదికి మొదటి పది లక్షల డాలర్లు దాటేదాకా స్టోరు కమీషను 15 శాతమే. ఆ గీత దాటే ముప్పు నాకు లేదు. నెలకు వచ్చేది మా ఇంటి పాల ఖాతాకు సరిపోతోంది, పండగ నెలల్లో నెయ్యికి కూడా.

ఆఫీసులో తెలిసిపోయింది. తెలియక ఏమవుతుంది, పరీక్షకు పట్టుకున్నదంతా ఆఫీసు వాళ్లనే కదా! 2022లో ఉద్యోగానికి తోడు బయటి పని చేసే మూన్‌లైటింగ్ మీద ఐటీ కంపెనీల్లో అంత రగడ జరిగినా నా నియామక పత్రం తీసి చూసుకున్న పాపాన పోలేదు. ఉద్యోగంలో ఉండగా రాసినదేదైనా కంపెనీదే అనే వాక్యం నాలుగో పేజీలో ఉంది. మేనేజరు మంచివాడు కాబట్టి రాతపూర్వకంగా అనుమతి వచ్చింది. రాకపోయి ఉంటే తంబురా వాళ్లదయ్యేది.

ఇప్పుడు విడుదలకు ముందు యాప్ అక్క చాప మీదికి వెళ్తుంది. పిల్లలు మొహమాటం లేని జాతి. యాప్‌లో తర్వాత తాళం కూడా చేర్చాను. "అంకుల్, మిశ్రచాపులో ఏడోది లేటుగా పడుతోంది" అని ఎనిమిదేళ్ల పిల్లాడు చెబితే వెళ్లి చూశాను, పడుతోంది. వాడు బాగుందన్నాకే స్టోరుకు పంపుతాను. స్క్రీన్ ఆరినా ఇప్పుడు మోగుతుంది, దాదాపు అన్ని ఫోన్లలో. అక్షరాలు పెద్దవయ్యాయి. పెద్దవి చేశాక యాప్ వికారంగా ఉందని ఒక డిజైనరు మిత్రుడన్నాడు, నిజమే, వికారంగానే ఉంది. గీజరు మా ఆవిడే బాగుచేయించింది. సైకిలు మా అమ్మాయికి పక్క ఫ్లాటు కుర్రాడు నేర్పాడు, ఆ స్పీకరు కుర్రాడే. ఆ రెండూ నేను చేయాల్సినవి, ఇక చేయడానికి లేవు.

అమెరికా పిల్లల ఇళ్లలో ఎక్కువగా ఐఫోన్లు. అందులో ఎప్పుడు పెడతారని తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. ఏడాదికి 99 డాలర్ల రుసుము, ఒక మ్యాక్, శబ్దం పని సగం మళ్లీ మొదటి నుంచి. మొన్న రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తాను. మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ, మార్చి 31 దాకా బ్యాంకులో ఇయర్ ఎండింగ్, ఇంట్లో వంటా అమ్మాయి పరీక్షలూ మీవి, ఐఫోను సంగతి ఏప్రిల్లో మాట్లాడదాం అంది. సరేనని టెక్సస్‌కు మెయిలు రాశాను. ఇంకా తేదీ చెప్పలేనని రాశాను.